కోట పడితే రాజ్యం చేతికొచ్చినట్టేనా? స్ట్రాటజీ గేముల్లో దండయాత్రను నిజానికి దగ్గరగా ఆడే పద్ధతి

దసరా సెలవులకు మా పిన్ని కొడుకు కర్నూలు వచ్చాడు. నా ల్యాప్‌టాప్‌లో యూరోపా యూనివర్సాలిస్ 4 అనే స్ట్రాటజీ గేమ్ తెరిచి విజయనగరంతో ఆట మొదలుపెట్టాడు. ఆ ఆట 1444లో మొదలవుతుంది, దేవరాయల కాలం. రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. మూడో రోజు పొద్దున నేను కాఫీ తాగుతుంటే వచ్చి, "అన్నా, బహమనీలు అయిపోయారు, ఇంక ఒరిస్సా మీదికి పోతా" అన్నాడు. మ్యాప్ చూశాను. దక్కన్ మొత్తం ఒకే రంగు. ఎక్కడా తిరుగుబాటు లేదు, ఖజానా నిండా డబ్బు, సైన్యం కొత్తగా ఉంది.

ఆ సాయంత్రం వాణ్ని కొండారెడ్డి బురుజు దగ్గరికి తీసుకెళ్లాను. ఈ ఊరు విజయనగరం కింద ఉండింది, బిజాపూర్ కింద ఉండింది, మొగలుల కిందికి పోయింది, నవాబులు ఏలారు, చివరికి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. ఇన్నిసార్లు చేతులు మారినా ఒక్కసారి కూడా రాత్రికి రాత్రి రంగు మారలేదని వాడికి చెప్పాను. వాడు వెంటనే అడిగిన ప్రశ్నకు జవాబే ఈ గైడ్: "మరి గేమ్‌లో అట్లా ఆడాలంటే ఏం చెయ్యాలి?"

ముందు అసలు విషయం. చాలా గేముల్లో యుద్ధం బాగానే ఉంటుంది. గుర్రాలు, ఫిరంగులు, ముట్టడి అన్నీ శ్రద్ధగా చేస్తారు. తేలిపోయేది యుద్ధం ముగిసిన మరుసటి రోజే. నిజంలో కష్టమంతా ఆ రోజు నుంచే మొదలవుతుంది: శిస్తు ఎవరు కట్టాలి, లెక్కలు ఎవరి దగ్గర ఉన్నాయి, పాత దొరలను ఏం చెయ్యాలి, సైన్యానికి జీతం ఎట్లా ఇవ్వాలి. కాబట్టి మనం మార్చాల్సింది కూడా ఎక్కువగా అక్కడే. యుద్ధాన్ని ఇంకా కఠినం చేసినంత మాత్రాన ఆట నిజానికి దగ్గర కాదు, నెమ్మదిస్తుంది అంతే.

దీనికి మన సీమ చరిత్రకన్నా మంచి పాఠం నాకు కనబడలేదు. 1800 అక్టోబర్ 12న నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకుని ఈ ప్రాంతాన్ని రాసిచ్చేశాడు. దత్తమండలాలు అన్న పేరు అట్లా వచ్చింది. తన రాజ్యంలో కంపెనీ సైన్యాన్ని ఉంచుకున్నందుకు అయ్యే ఖర్చు కింద, 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి తనకు దక్కిన భూములనే ఇచ్చేశాడు. ఒక్క గుండు పేలకుండా ఇంత దేశం చేతులు మారింది. మరి కాగితం మీద సంతకం అయ్యాక ఏం జరిగింది? ఇక్కడ దాదాపు 80 మంది పాలెగాళ్లు ఉన్నారు, ఒక్కొక్కరికి సొంత కోట, సొంత మనుషులు. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చి 1807 వరకు, అంటే ఏడేళ్లు, వాళ్లను లొంగదీయడంలో, భూములు కొలిపించడంలో, శిస్తు కుదర్చడంలో గడిపాడు. పక్కన జనరల్ క్యాంప్‌బెల్ సైన్యం ఉండగా కూడా అంత కాలం పట్టింది. యుద్ధమే లేకుండా వచ్చిన నేలకే ఏడేళ్లు పడితే, యుద్ధం చేసి లాక్కున్న నేలకు ఎంత పట్టాలో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు యూరోపా 4లోకి వద్దాం. అందులో కొత్తగా గెలిచిన ప్రావిన్స్‌ను కోర్ చేసుకోవడానికి, అంటే పూర్తిగా మన సొంత నేలగా మార్చుకోవడానికి, మామూలుగా 36 నెలలు. మోడ్ (ఆట నియమాలను మార్చే అదనపు ఫైళ్లు) జోలికి పోకుండా మీరే పెట్టుకోగలిగిన మొదటి నియమం: ఒక యుద్ధంలో భూమి తీసుకున్నాక 84 నెలల దాకా మీ అంతట మీరు ఇంకో యుద్ధం ప్రకటించకూడదు. మీ మీదికి వస్తే పోరాడండి, అది వేరే సంగతి. మొదట ఇది విసుగ్గా అనిపిస్తుంది. నాలుగైదు యుద్ధాల తర్వాత ఒక మార్పు గమనిస్తారు. ఏ ప్రావిన్స్ తీసుకోవాలి, ఏది వదిలెయ్యాలి అన్నది సంధి కుదిరే పూట నిజంగా ఆలోచించడం మొదలుపెడతారు, ఎందుకంటే ఆ నిర్ణయంతో ఏడేళ్లు బతకాలి.

రెండో నియమం కర్నూలు నుంచే. 1800లో చుట్టూ ఉన్న నేలంతా కంపెనీ కిందికి వచ్చినా కర్నూలు నవాబు అలాగే ఉన్నాడు, కప్పం కడుతూ. 1839లో గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా ఆయుధాలు పోగు చేస్తున్నాడని కంపెనీ సైన్యం వచ్చి పడి, జోహరాపురం దగ్గర పోరాటం జరిగి, ఆయన్ను పట్టుకుని తిరుచినాపల్లికి పంపించేదాకా కర్నూలు నవాబుదే. అంటే 39 ఏళ్లు సామంతం. గేమ్‌లో సామంత రాజ్యాన్ని పదేళ్లు దాటగానే కలిపేసుకోవచ్చు, అందరూ అదే చేస్తారు, గడియారం పెట్టుకున్నట్టు పదకొండో ఏడు మొదలవగానే బటన్ నొక్కుతారు. మీరు కనీసం 30 ఏళ్లు ఆగండి. ఇంకో మాట, గెలిచిన నేలలో మీ భాష, మీ మతం కాని ప్రావిన్సులను నేరుగా తీసుకోవద్దు, ముందు సామంతుడి చేతిలో పెట్టండి. కంపెనీ కూడా దేశంలో చాలా చోట్ల చేసింది అదే, దానికి తగినంత మంది మనుషులు లేరు కాబట్టి.

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైన మార్పు, దీనికి చిన్న మోడ్ కావాలి. ఈ గేమ్‌లో కొత్తగా గెలిచిన ప్రావిన్స్‌కు 30 ఏళ్ల వేర్పాటు లెక్క ఉంటుంది, ఏడాదికి అర పాయింటు చొప్పున అశాంతి, అంటే మొదట్లో 15, తర్వాత ఏటేటా తగ్గుతూ 30 ఏళ్లకు సున్నా. ఇప్పుడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని గుర్తు తెచ్చుకోండి. కంపెనీ వచ్చింది 1800లో. ఆయన కోవెలకుంట్ల ఖజానా మీద దాడి చేసింది 1846లో. నలభై ఆరేళ్ల తర్వాత! గేమ్ లెక్కలో అయితే అప్పటికి పదహారేళ్ల కిందటే సీమ మొత్తం చల్లబడిపోయి ఉండాలి. కారణం చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది: పాలెగాళ్ల కుటుంబాలకు కంపెనీ ఇచ్చే తవర్జీ, అంటే భరణం, వారసులకు ఆపేయడం, మాన్యాలు లాగేసుకోవడం. తాత ఓడిపోయిన కోపం కన్నా, మనవడికి రావాల్సినది రాకపోవడం పెద్ద మంట పెట్టింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను కోవెలకుంట్లలో ఉరి తీశారు, తలను అక్కడే కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీసి ఉంచారు. జనం మాత్రం ఆయన మీద పాటలు కట్టుకుని పాడారు, ఇప్పటికీ పాడతారు.

చెయ్యాల్సింది సులువే. గేమ్ ఫోల్డర్‌లోని అసలు ఫైళ్లను ముట్టుకోవద్దు. లాంచర్‌లో కొత్త మోడ్ సృష్టించండి, ఆ మోడ్ ఫోల్డర్‌లో కామన్, దాని లోపల డిఫైన్స్ అని రెండు ఫోల్డర్లు పెట్టండి, అందులో ఒక చిన్న లువా ఫైల్. అసలు డిఫైన్స్ ఫైల్ తెరిచి ఇయర్స్ ఆఫ్ నేషనలిజం అన్న లైన్ వెతకండి, 30 అని ఉంటుంది. ఆ లైన్‌ను అది ఏ విభాగంలో ఉందో ఆ విభాగం పేరుతో సహా మీ ఫైల్‌లో రాసి 50 చెయ్యండి. అంతే. ఇది పెట్టాక అచీవ్‌మెంట్లు రావు, అది ముందే తెలుసుకుని మొదలుపెట్టండి. 50 పెట్టాక మొదటి అశాంతి కూడా 25కి చేరుతుంది కాబట్టి ప్రతి కొత్త ప్రావిన్స్‌లో సైన్యం కూర్చోబెట్టక తప్పదు. మొదటి ఆటలో నేను 60 పెట్టి చూశాను, ఆట ఆడటం మానేసి తిరుగుబాట్లు అణచడమే పనైపోయింది. 50 దగ్గర బాగుంది.

అయితే ఈ అశాంతి అన్న ఒక్క అంకెతోనే నాకు పెద్ద పేచీ ఉంది. జనం అంతా ఒకేలా అసంతృప్తిగా ఉన్నట్టు చూపిస్తుంది ఆ అంకె. మన్రో సంగతే చూడండి. పాలెగాళ్లను అణిచింది ఆయనే. కానీ అదే జిల్లాల్లో రైతులు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మద్రాసు గవర్నర్‌గా ఉండి, ఇంగ్లండ్ తిరిగి వెళ్లే ముందు ఈ జిల్లాలను చివరిసారి చూడాలని వచ్చి 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఒకే నేల మీద ఒకరు ఆయన పేరు పెట్టుకున్నారు, ఇంకొకరు ఆయన వచ్చిన రోజును శపించారు. రైతుకు శిస్తు నేరుగా, తెలిసిన మొత్తం కట్టే పద్ధతి వచ్చింది. పాలెగాడికి కోట పోయింది. రెండూ నిజమే. కాబట్టి సొంతంగా గేమ్ తయారుచేస్తున్న వాళ్లు, పెద్ద మోడ్ రాస్తున్న వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా విన్నపం ఒకటే, అశాంతిని కనీసం మూడు ముక్కలు చెయ్యండి: పాత దొరలు, రైతులు, ఊళ్లో లెక్కలు రాసేవాళ్లు. దొరల కోపం తక్కువ మందిది, కానీ ఆయుధాలు వాళ్ల దగ్గరే ఉంటాయి, తరాలు దాటినా పోదు. రైతుల కోపం శిస్తుతో, వానతో పెరిగి తగ్గుతుంది. మూడో వర్గం గురించి ఏ గేమూ పట్టించుకోదు, అదే నాకు బాధ.

ఆ మూడో వాళ్లు కరణాలు. ఏ చేను ఎవరిది, ఎంత పండుతుంది, కిందటేడు ఎంత కట్టారు, ఇదంతా కరణం కవిలెకట్టల్లో ఉంటుంది, ఇంకెక్కడా ఉండదు. కొత్త రాజుకు ఆ లెక్క దొరక్కపోతే ఊరు గెలిచినా రూపాయి రాలడం కష్టం. అందుకే రాజులు మారారు గానీ కరణాలు మారలేదు. గేమ్‌లో దీన్ని ఇట్లా పెట్టొచ్చు: ప్రావిన్స్ గెలిచిన మొదటి ఏడు శిస్తు పదో వంతే రావాలి. స్థానిక అధికారులను అలాగే ఉంచితే ఏటా పెరుగుతూ ఏడో ఏటికి పూర్తి కావాలి, కానీ కొంత భాగం శాశ్వతంగా వాళ్ల చేతుల్లో ఉండిపోవాలి. తీసేసి మీ వాళ్లను పెడితే మొత్తం మీకే, కానీ పదిహేనేళ్లు పట్టాలి, ఎందుకంటే సర్వే మొదటి నుంచి చెయ్యాలి. ఊళ్లు కాలిస్తే లెక్కలూ కాలిపోతాయి, అప్పుడు సున్నా నుంచి. ఈ అంకెలు నా అంచనాలు, మీ ఆటకు తగ్గట్టు మార్చుకోండి. మన్రో తక్కువ శిస్తుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయి ఏడేళ్లలో సగం మేర ఎక్కువ రాబట్టాడు. మొదటి ఏడే పిండి ఉంటే రైతు నేల వదిలి పక్క రాజ్యంలోకి పోయేవాడు. ఆ రోజుల్లో నేలకన్నా దున్నేవాడికి కొరత. యూరోపాలో మోడ్ లేకుండా దీనికి దగ్గరగా పోవాలంటే గెలిచిన ప్రాంతాన్ని ముప్పై ఏళ్ల దాకా స్టేట్ (పూర్తి పాలన కింద ఉన్న ప్రాంతం) చెయ్యకుండా టెరిటరీగానే (పట్టు తక్కువగా ఉండే ప్రాంతం) వదిలెయ్యండి, రాబడి చాలా తక్కువగా వస్తుంది, సరిపోతుంది.

రాజధాని సంగతి. సివిలైజేషన్ 6 అనే ఇంకో స్ట్రాటజీ గేమ్‌లో అందరి మొదటి రాజధానులూ మీ చేతిలో ఉంటే గెలిచినట్టే. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధం అయ్యాక హంపి అంతటి నగరం నాశనమైంది, నిజమే. కానీ తిరుమలరాయలు పెనుకొండకు వచ్చి అక్కడి నుంచి పాలించాడు, తర్వాత చంద్రగిరికి మారారు. తళ్లికోట తర్వాత 74 ఏళ్లకు, 1639లో, మద్రాసులో కంపెనీకి కోట కట్టుకోవడానికి చోటిచ్చింది కూడా ఆ రాజుల కిందున్న నాయకుడే. ఇటు గెలిచిన సుల్తానులు ఏమయ్యారంటే, ఆదోని బిజాపూర్‌కు చిక్కింది 1568లో, అంటే అంత పెద్ద గెలుపు తర్వాత కూడా పక్కనున్న ఒక కోటకు మూడేళ్లు. కలిసి గెలిచిన వాళ్లు పంపకం దగ్గర ఒకరినొకరు అనుమానించుకున్నారు. కాబట్టి సివిలైజేషన్‌లో ఈ రాజధానుల గెలుపును, అంటే డామినేషన్ విజయాన్ని, ఆఫ్ చేసి ఆడండి. శత్రువు రాజధాని తీసుకుంటే వాడికి ఇంకో రెండు నగరాలైనా వదిలి సంధి చేసుకోండి. లాయల్టీ పద్ధతి, అంటే నగరం మీకు ఎంత విధేయంగా ఉందన్న లెక్క, 2018లో వచ్చిన రైజ్ అండ్ ఫాల్ అనే అదనపు భాగంలో ఉంది, అది ఉన్న కాపీతోనే ఆడండి. దూరంగా ఒంటరిగా గెలిచిన నగరం నాలుగు టర్నుల్లో చెయ్యి జారిపోతుంటే ఆ టెన్షన్ నిజానికి చాలా దగ్గర. రెండో ప్రపంచ యుద్ధం మీద వచ్చిన హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో ఆక్రమణ చట్టాలు, గ్యారిసన్లు (కాపలా దళాలు) ఇప్పటికే బాగున్నాయి, దాన్ని పెద్దగా మార్చాల్సిన పని లేదు.

ఇప్పుడు తిండి, నీళ్లు. ఇక్కడ అందరూ గోడల గురించే ఆలోచిస్తారు. గుత్తి కోట ఎక్కినవాళ్లకు తెలుసు, అంత ఎత్తు కొండ, ఒకదాని వెనక ఒకటి గుమ్మాలు. మరాఠా సర్దారు మురారిరావు దగ్గర నుంచి మైసూరు హైదర్ అలీ దాన్ని 1776లో తీసుకున్నది గోడలు బద్దలు కొట్టి కాదు, పైన నీళ్లు అయిపోవడం వల్ల. దీనికి ఎదురు ఉదాహరణ కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్. 1791 మేలో శ్రీరంగపట్నం బయట టిప్పును యుద్ధంలో ఓడించాడు, కోట కళ్లెదురుగా ఉంది. అయినా ఎద్దులు చచ్చిపోయి, గింజలు అయిపోయి, పెద్ద ఫిరంగులను తన చేత్తోనే ధ్వంసం చేసుకుని వెనక్కి తిరిగాడు. మరుసటి ఏడు బంజారాలు వేల ఎద్దుల మీద ధాన్యం మోసుకొస్తే అప్పుడు పని జరిగింది. ఆ ఒప్పందంలోనే కడప ప్రాంతం నిజాంకు పోయింది, అక్కడి నుంచి ఎనిమిదేళ్లలో కంపెనీకి. ఎద్దులు దొరికాయా లేదా అన్నదాని మీద మన జిల్లాల చరిత్ర తిరిగింది.

నియమాలు ఇవి పెట్టుకోండి. దండయాత్ర దసరా తర్వాతే మొదలవ్వాలి, మన దగ్గర రాజులు అదే చేసేవాళ్లు, వాగులు తగ్గి, పంట చేతికొచ్చి, గుర్రాలకు మేత దొరికేది అప్పుడే కాబట్టి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా శత్రువు నేల మీద సైన్యాన్ని నడిపించొద్దు, ముట్టడిలో ఉంటే ఉండనివ్వండి, కానీ కొత్త ప్రావిన్స్‌లోకి అడుగు పెట్టకూడదు. కొండ కోట మీద అసాల్ట్ (నేరుగా గోడల మీదికి దాడి) బటన్ నొక్కొద్దు. యూరోపాలో ముట్టడి పాచికల్లో నీటి కొరత, తిండి కొరత అన్నవి ఉన్నాయి, వాటిని రానివ్వండి. ఫిరంగులు లేకుండా పెద్ద కోట ముట్టడికి దిగొద్దు. గండికోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో తీసుకున్నప్పుడు అసలు కష్టం ఆ పెన్నా గండి అంచున కొండమీదికి ఫిరంగులు ఎక్కించడమే. ఒక్కసారి అక్కడికి వెళ్లి కిందికి చూడండి, ఎన్ని వందల మంది తాళ్లు పట్టి లాగి ఉంటారో అర్థమవుతుంది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఆడేవాళ్లకు సొంతంగా ఆట కట్టుకునే సీనారియో ఎడిటర్ ఉంది, పాలెగాళ్ల సమస్యను అందులో అచ్చంగా తయారుచెయ్యొచ్చు. ప్లేయర్ 1 మీరు, ప్లేయర్ 2 ఎదుటి రాజు, ప్లేయర్ 3 పాలెగాళ్లు. ప్లేయర్ 3ని మొదట మీతో తటస్థంగా పెట్టండి, బంగారం సున్నా, కొన్ని ఇళ్లు, నాలుగు కావలి బురుజులు, పదిహేను మంది సైనికులు చాలు. సైనికులను తయారుచేసే భవనాలు ఇవ్వొద్దు, ఇస్తే వచ్చిన బంగారం ఖర్చు పెట్టేస్తుంది. ఇప్పుడు మూడు ట్రిగ్గర్లు, అంటే 'ఇది జరిగితే అది జరగాలి' అన్న షరతులు. మొదటిది, ప్లేయర్ 2 క్యాజిల్ కూలితే రెండో ట్రిగ్గర్, మూడో ట్రిగ్గర్ రెండూ ఆన్ అవ్వాలి. రెండోది గడువు: టైమర్ 600 సెకన్లు, అది నిండితే ప్లేయర్ 3 మీకు శత్రువుగా మారాలి, మీరు గెలిచిన ఊరి పక్కన ఇరవై మంది గుర్రపు రౌతులు పుట్టాలి. మూడోది తవర్జీ: ప్లేయర్ 3 దగ్గర 300 బంగారం చేరితే ఆ బంగారాన్ని తీసేసి, గడువు ట్రిగ్గర్‌ను ఆపి మళ్లీ మొదటి నుంచి ఆన్ చెయ్యాలి. మూడోదాన్ని లూపింగ్‌లో, అంటే మళ్లీ మళ్లీ పనిచేసేలా, పెట్టండి. అంటే మీరు మార్కెట్ కట్టుకుని పది నిమిషాలకోసారి 300 పంపిస్తూ ఉన్నంతకాలం శాంతి, ఒక్కసారి మర్చిపోతే యుద్ధం. క్యాజిల్ కూలగానే తెర మీద ఒక సందేశం చూపించడం మర్చిపోవద్దు, లేకపోతే ఆడేవాళ్లకు ఏం జరుగుతుందో తెలియక ఇది బగ్ అనుకుంటారు. పరీక్షించేటప్పుడు టైమర్‌ను 30 సెకన్లకు తగ్గించుకోండి, సమయం కలిసొస్తుంది.

అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఆట బరువెక్కిపోతుంది. మొదట 84 నెలల నియమం ఒక్కటే పెట్టి ఒక ఆట పూర్తిగా ఆడండి, తర్వాత దసరా నియమం కలపండి, మోడ్ చివర్లో. మా పిన్ని కొడుకు అనంతపురం వెళ్లిపోయినా రోజూ రాత్రి స్క్రీన్‌షాట్ పంపుతున్నాడు. విజయనగరంతోనే మళ్లీ మొదలుపెట్టాడు, ఇప్పుడు వాడి ఆట 1471లో ఉంది. రాయచూరు తీసుకున్నాడు, ఇంకో ప్రావిన్స్ సామంతుడి చేతిలో పెట్టాడు, అంతకు మించి ఒక్క అడుగు పోలేదు. నిన్న రాత్రి వాడి మెసేజ్: "అన్నా, సామంతుడు చనిపోయినాడు, కొడుకు చిన్నోడు, ఇప్పుడేం చెయ్యాల?"